ఒక్క గుంటా లేని పూత

సోమవారం పొద్దున నా కంప్రెసర్ ప్రాణం వదిలింది. ఆ సాయంత్రమే నా భార్య ఫోన్ చేసింది. ఆదివారం వ్యాన్ మాట్లాడుకుని వస్తానని, హాల్లో ఉండిపోయిన తన కుట్టుమిషన్ పట్టుకెళ్తానని చెప్పింది.

"మీరు ఇంట్లో ఉంటారా?" అని అడిగింది.

"ఎక్కడికి పోతాను?" అన్నాను. మామూలుగానే అందామనుకున్నాను, కసిరినట్టు వచ్చింది. నా గొంతే అంత.

ఫోన్ పెట్టేసి ఆ మిషన్ వైపు చూస్తూ కాసేపు నిలబడ్డాను. ఆమె వాళ్ళక్క ఇంటికి వెళ్ళిపోయి పద్నాలుగు నెలలైంది. అప్పటి నుంచి ఒక్కొక్క సామానే తీసుకెళ్తోంది. మొదట బట్టలు, తర్వాత ఇస్త్రీ పెట్టె, ఆ తర్వాత తన పుస్తకాల అర. వచ్చిన ప్రతిసారీ ఓ పావుగంట ఉండేది. నీళ్ళు తాగేది, కిటికీలో మొక్కకి పోసేది. మిషన్ కూడా వెళ్ళిపోతే ఇక ఆమెకి ఈ ఇంటికి రావలసిన పనే ఉండదు. అంటే నా చేతిలో ఆరు రోజులున్నాయి. ఆ ఆరు రోజుల్లో ఆమెని ఆపగలిగే మాట ఒకటి వెతుక్కోవాలి. అలాంటి మాటలు వెతకడంలో నా అంత చేతకానివాణ్ణి నేనింకా చూడలేదు.

నేను గిటార్లు చేస్తాను. ఇంటి వెనక గదిలో, ఒక్కణ్ణే, ఏడాదికి నాలుగో ఐదో. చెక్క వంచడం, అతకడం, చిత్రిక పట్టడం నాకు చేతనవును. అందులో నాకెవరూ వంక పెట్టలేరు. నా తల ప్రాణం తోకకి తెచ్చేది చివర కొట్టే వార్నిష్ ఒక్కటే. మూడు నెలలు పడిన కష్టమంతా ఆ చివరి వారంలో తేలిపోతుంది. కంప్రెసర్ ఊదే గాలితో, గన్‌లోంచి పూత కొడతాం. తడిగా ఉన్నప్పుడు అద్దంలా మెరుస్తుంది. అది చూసి మురిసిపోయేలోపే ఎక్కడో ఒకచోట పూత పక్కకి జరిగి చిన్న గుంట పడుతుంది. దాని పక్కన ఇంకోటి. మిగతా పనివాళ్ళు ఫిష్ ఐ అంటారు, నేను గుంటలనే అంటాను. నూనె తగిలితే పడతాయవి. కంటికి కనపడనంత నూనె చాలు. అప్పుడు ఆరేదాకా ఆగి, సాండ్ పేపర్‌తో రుద్ది, మళ్ళీ మొదటికి రావాలి.

పంతొమ్మిదేళ్ళ కిందట ఆ కంప్రెసర్ కొన్నాను. మొదటి గిటార్‌కే గుంటలు పడ్డాయి. నూనె ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఇల్లంతా వెతికితే నా భార్య తల కనిపించింది. ఆమె రోజూ తలకి నూనె రాసుకునేది. పొడుగు జడ, దట్టంగా రాసుకునేది. అంతే, నాకు దొంగ దొరికిపోయాడు. గది గుమ్మం దగ్గర నేల మీద పసుపు రంగుతో ఒక గీత గీశాను. "ఈ గీత దాటి రాకు" అన్నాను. ఆమె నవ్వి, "మీ గదిలో నాకేం పనండీ, చెక్కపొట్టు తినడానికి వస్తానా?" అంది.

అప్పటి నుంచి మా పనికి ఒక పద్ధతి ఏర్పడింది. కంప్రెసరూ దాని స్విచ్చూ హాల్లో, ఆమె మిషన్ పక్కనే ఉండేవి. నేను లోపల మాస్క్ పెట్టుకుని, గన్ పట్టుకుని "వెయ్యి" అని అరిచేవాణ్ణి. ఆమె కుట్టు ఆపి స్విచ్ వేసేది. "ఆపు" అంటే ఆపేసేది. కొన్ని రోజులు మా మధ్య ఆ రెండు మాటలు తప్ప ఇంకేమీ నడిచేవి కాదు. గుంటలు పడితే మాత్రం నాకు మాటల కరువు ఉండేది కాదు. గీత దగ్గరికొచ్చి ఎందుకు నిలబడ్డావనేవాణ్ణి. ఫ్యాన్ ఎవరు వెయ్యమన్నారనేవాణ్ణి. నా తువ్వాలు ఎందుకు ముట్టుకున్నావని ఒంటికాలి మీద లేచేవాణ్ణి. పడిన ప్రతి గుంటా ఆమె నెత్తిన రుద్దాను.

ఆఖరుసారి, పద్నాలుగు నెలల కిందట, ఎవరో గిటార్ చూసుకోవడానికి వచ్చినప్పుడు వాళ్ళ ముందే అన్నాను. "ఈవిడ నూనె తల ఉన్నంతకాలం నా చేతికి మంచిపేరు రాదు" అన్నాను. వచ్చినవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ళు వెళ్ళాక ఆమె బట్టలు సర్దుకుంది.

"మీ గదికి గీత గీసుకున్నారు, బాగానే ఉంది" అంది. "ఆ గీత హాల్లోకొచ్చింది, వంటింట్లోకొచ్చింది. ఇంక నేనెక్కడ నిలబడనండీ?"

నిజం చెప్పాలంటే, ఇప్పుడైనా గుంటలు పడకుండా ఉంటాయేమోనని ఆ క్షణంలో లోలోపల అనుకున్నాను కూడా. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ అనుకున్నాను.

గుంటలు మాత్రం పడుతూనే ఉన్నాయి. అయినా నేను తగ్గలేదు. గోడలకి పట్టిన నూనె అన్నాను, సున్నం వేయించాను. తలదిండు అన్నాను, పారేశాను. కర్టెన్లు ఉడకబెట్టినంత పని చేశాను. మనిషి వెళ్ళిపోయి ఏడాది దాటినా ఆమె జడనే తిడుతూ కూర్చున్నాను. వినేవాళ్ళు లేని తిట్టు ఎంత చప్పగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

మంగళవారం పొద్దున్నే చచ్చిన కంప్రెసర్‌ని పైపుతో సహా ట్రాలీ ఆటోలో వేసుకుని గాలి మేస్త్రి కొట్టుకి వెళ్ళాను. కంప్రెసర్లు, గన్‌లు, పైపులు అమ్ముతాడు, బాగుచేస్తాడు. అసలు పేరు ఎవరికీ తెలీదు. కొట్టంతా ఓ పన్నెండడుగుల గది. గోడల నిండా గన్‌లు వేలాడుతుంటాయి, కింద కాలు పెట్టే చోటుండదు. పాతది ఇచ్చేసి కొత్తది తీసుకుందామని నా ఆలోచన. ఒక సంగీతం మాస్టారి గిటార్ పూతకి సిద్ధంగా ఉంది, ఆయన అప్పటికే రెండుసార్లు అడిగాడు.

"ముందు మీరు చెప్పండి సార్, తర్వాత నేను చెప్తాను" అన్నాడు మేస్త్రి, స్టూలు నా వైపు తోసి. "ఏడాదికి ఎన్ని?"

"ఐదు దాటవు."

"ఒకటే అయితే డబ్బా స్ప్రేలతో సరిపెట్టుకోమనేవాణ్ణి. ఐదంటే వేలు నొప్పి, పూత కూడా పల్చన. గది ఎంత?"

చెప్పాను. ఒక కిటికీ ఉందని కూడా చెప్పాను.

"ఇల్లేనా? ఇంట్లో ఎవరెవరుంటారు?"

నేను గోడ మీది గన్‌ల వైపు చూశాను. పనిముట్టు కొనడానికి వస్తే కాపురం సంగతులెందుకు వీడికి అనిపించింది. కానీ అతను అడిగింది చప్పుడు గురించి, వార్నిష్ ఘాటు గురించి. ఏది కొన్నా ఇంట్లోవాళ్ళే కదా భరించాలి.

"నా భార్య" అన్నాను. "హాల్లో కూర్చుని కుడుతుంటుంది. చప్పుడు ఎక్కువైతే పడదు."

ఎందుకలా అన్నానో తెలీదు. అన్నాక ఎంత హాయిగా అనిపించిందంటే, ఇంకో రెండు అబద్ధాలు కూడా ఆడాను. ఆమెకి తలనొప్పి వస్తుందని, మధ్యాహ్నం కాసేపు నడుం వాలుస్తుందని. అన్నేళ్ళు ఆ డబడబ చప్పుడు పక్కన కూర్చోబెట్టినప్పుడు ఇవేవీ నాకు తోచలేదు. ఆమెకి నిజంగా తలనొప్పి వచ్చేదో లేదో కూడా నాకు తెలీదు.

మేస్త్రి రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకటి పెద్ద ట్యాంకున్న కంప్రెసర్. "పొగమంచులా సన్నగా కొడుతుంది, పనితనం గొప్పగా ఉంటుంది. కానీ చప్పుడు, బరువు. సగం రంగు గాల్లోకే పోతుంది. చిన్న గదిలో మీరు ఆ మబ్బులో నిలబడాలి" అన్నాడు. రెండోది టర్బైన్. చూడ్డానికి వాక్యూమ్ క్లీనర్‌లా ఉంది, చప్పుడూ దాదాపు అంతే. లావుపాటి పైపులోంచి గోరువెచ్చని గాలి ఎక్కువగా, మెత్తగా వస్తుంది. రంగు చెక్క మీదే పడుతుంది. వార్నిష్ కాస్త పల్చగా కలుపుకోవాలి, పైపు మొండిగా ఉంటుంది, చేతికి అలవాటు కావాలి.

"మోటారు మాత్రం గది బయట పెట్టుకోవాలి సార్. లోపలుంటే వార్నిష్ ఆవిరికి నిప్పంటుకుంటుంది. బయట స్విచ్ దగ్గర మేడమ్ ఉంటారుగా, మీకు సులువే."

"అవును" అన్నాను. "అలవాటే ఆమెకి."

ఏది తీసుకోవాలో తేల్చుకోలేక అటూ ఇటూ ఊగుతున్నాను. మేస్త్రి ఈలోగా నా పాతదానికి వెల కడదామని దాని కింది నట్టు విప్పాడు. మురికి నీళ్ళు వస్తాయనుకున్నాను. పాలు విరిగినట్టు తెల్లగా, జిడ్డుగా ఏదో కారింది. వాడి మొహం మారింది. నా పైపుని తన కంప్రెసర్‌కి తగిలించి, ఒక తెల్లకాగితం ఎదురుగా పెట్టి గాలి ఊదాడు. రంగు లేదు, వార్నిష్ లేదు, ఉత్త గాలి. కాగితం మీద సన్నటి పసుపు చుక్కలు పడ్డాయి. వేలితో రాసి నా ముందు పెట్టాడు. నూనె.

"మోటారులో నూనె గాల్లోకి లీకవుతోంది సార్. ఇవాళ్టిది కాదు, కొన్నప్పట్నుంచీ ఉండుంటుంది. దీనికి ఫిల్టర్ ఏది?"

"ఫిల్టరా?"

"గాజు కప్పులా ఉంటుంది, పైపుకి ముందు బిగిస్తారు. నూనె, నీళ్ళు అందులో ఆగిపోతాయి. అది లేకుండా గిటార్లకి కొట్టారా? గుంటలు పడి ఉండాలే మీకు?"

ఫిల్టర్ ఉంది. కొన్న రోజే ఉంది. బిగిస్తే గాలి జోరు తగ్గుతోందని మొదటి రోజే నేనే ఊడదీసి అవతల పారేశాను. నా చేతి పనికి జోరు కావాలి, ఈ ఆటబొమ్మ ఎందుకనుకున్నాను. అది చెత్తబుట్టలోకి పోకుండా నా భార్య తీసుకుంది. కడిగి, కుట్టుమిషన్ మీద పెట్టి, అందులో గుండీలు పోసుకుంది.

"టర్బైన్ ఇవ్వండి" అన్నాను.

"దీంట్లో నూనె అన్నదే ఉండదు సార్. ఇక ఎవర్నీ అనుమానించక్కర్లేదు" అన్నాడు మేస్త్రి. వాడు నా వస్తువు గురించి అన్నాడు, నాకు ఇంకోలా తగిలింది.

ఇంటికొచ్చి మొదట కుట్టుమిషన్ దగ్గరికే వెళ్ళాను. గాజు కప్పు అక్కడే ఉంది. తెల్ల గుండీలు, నల్లవి, ఒక ఎర్రటి కోటు గుండీ. పంతొమ్మిదేళ్ళు రోజూ దాని పక్కనుంచే గదిలోకి వెళ్ళాను. దాన్ని చేతిలోకి తీసుకుని నేల మీద కూర్చుండిపోయాను. ఏడుపు వచ్చింది. వస్తే రానిమ్మని ఊరుకున్నాను, చూసేవాళ్ళెవరు గనక.

బుధవారం నుంచి పనికిరాని చెక్కముక్కల మీద టర్బైన్‌కి చెయ్యి అలవాటు చేసుకున్నాను. మోటారు హాల్లో, పైపు పసుపు గీత మీదుగా గదిలోకి. మాస్క్ పెట్టుకోవడం, గన్ నింపుకోవడం, "వెయ్యి" అనడం. అని, ఎవరూ లేరని గుర్తొచ్చి, మాస్క్ తీసి, వెళ్ళి, నేనే స్విచ్ వేసుకుని, మళ్ళీ పరుగెత్తుకు రావడం. మొదటిరోజు మూడుసార్లు అరిచాను. రెండోరోజు కూడా ఒకసారి. చెక్కముక్కల మీద గుంటలు లేవు. మాస్టారి గిటార్‌కి గురు, శుక్ర, శనివారాల్లో పూతలు వేశాను. గుంటలు లేవు. చివరి పూత ఆదివారానికి అట్టిపెట్టాను. ఆమెకి చూపించాలని.

ఆదివారం పదింటికి వచ్చింది. వ్యాన్ అరగంటలో వస్తుందంది. జుట్టుకి నూనె రాసుకుని నున్నగా దువ్వుకుంది. తలుపు తియ్యగానే వాసన వచ్చింది. కావాలనే రాసుకొచ్చిందని అర్థమైంది. నీళ్ళు తాగింది, మొక్కకి పోసింది. హాల్లో కొత్త మోటారు చూసి, పైపు ఎటు వెళ్ళిందా అని దాని వెంటే నడుచుకుంటూ వచ్చి, గీత దగ్గర ఠక్కున ఆగింది. కాళ్ళకి అలవాటు.

ఐదు రోజులుగా కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"తప్పు ఆ మిషన్‌ది" అన్నాను. "పాత కంప్రెసర్‌ది. నూనె అందులోంచే వచ్చేది."

"మిషన్‌దా?" అంది.

"నాది" అన్నాను. "ఫిల్టర్ నేనే తీసేశాను. నీ గుండీల కప్పు, అదే ఫిల్టర్."

ఆమె వెనక్కి తిరిగి ఆ కప్పు వైపు చూసింది. ఆశ్చర్యపోతుందనుకున్నాను. కోపం వస్తుందనుకున్నాను. వస్తే నయమే, పడతాను అనుకున్నాను.

"అదన్నమాట" అంది. "నాది కాదని నాకెప్పుడో తెలుసులెండి. దేనివల్లో తెలీలేదు, అంతే."

"ఎలా తెలుసు?"

"ఒకసారి రెండేళ్ళపాటు నూనె మానేశాను. చుక్క కూడా రాసుకోలేదు. జుట్టు పీచులా అయిపోయింది. అక్క అడిగితే ఏదో చెప్పాను. ఆ రెండేళ్ళూ మీకు గుంటలు పడ్డాయి, ఆ రెండేళ్ళూ మీరు నా తలనే తిట్టారు. తల వైపు ఒక్కసారి చూస్తే తెలిసేది."

"చెప్పొచ్చు కదా!" అన్నాను. ఇక్కడా గొంతు లేచింది, చూడండి.

"చెబుదామనే మానేశాను. మీరే చూస్తారని ఆగాను. ఇవాళ చూస్తారు, రేపు చూస్తారు అని. తర్వాత విసుగేసి మళ్ళీ రాసుకున్నాను." గీత వైపు చూస్తూ అంది, "తిట్టడానికి నేనుండగా మిషన్ విప్పి చూడాలని మీకెందుకు తోస్తుందిలెండి."

నేను ఇంకో మాస్క్ తీసి ఆమెకిచ్చాను. "లోపలికి రా" అన్నాను.

"నూనె రాసుకున్నాను."

"తెలుసు. అందుకే రమ్మంటున్నాను."

ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, గడప దాటినంత మామూలుగా గీత దాటింది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి. గదంతా చూసింది. "ఇంత చిన్నదా!" అంది. నేను వెళ్ళి స్విచ్ వేసి వచ్చాను. ఆమె చేతికి లైటు ఇచ్చి, గిటార్ పక్క నుంచి ఏటవాలుగా పట్టుకోమన్నాను. అలా పడితేనే తడి పూతలో లోపం తెలుస్తుంది. ఒక చివర్నుంచి మొదలుపెట్టి, చెయ్యి ఆపకుండా, ఒక్కో పట్టీ సగం మీద సగం పడేలా కొట్టుకుంటూ పోయాను. నా భుజానికి ఆమె భుజం తగులుతోంది. జడ నా మోచేతి మీదికి వచ్చింది. జరుపుకోబోయింది, "ఉండనీ" అన్నాను. మాస్క్ వెనక వినపడిందో లేదో.

మోటారు ఆపి వచ్చాను. ఇద్దరం వంగి చూశాం. గుంటలు పడేవైతే మొదటి రెండు మూడు నిమిషాల్లోనే పడతాయి. పది నిమిషాలు చూశాం. ఆమె లైటుని అటూ ఇటూ జరిపి ప్రతి అంగుళం చూసింది. పూతలో మా ఇద్దరి మొహాలు కనపడుతున్నాయి, మాస్కులతో.

"లేవు" అంది.

బయట వ్యాన్ హారన్ మోగింది.

"ఉండిపోకూడదా?" అన్నాను. ఆరు రోజులు వెతికి వెతికి దొరకని మాట, ఇంత చిన్నదని తెలీలేదు. "గీత చెరిపేస్తాను."

ఆమె మాస్క్ తీసి, మడిచి, బల్ల మీద పెట్టింది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. అవి వార్నిష్ ఘాటువి కావు, ఆ మాత్రం నాకు తెలుసు.

"అక్క ఇంట్లో నేనెక్కడ కావాలంటే అక్కడ నిలబడుతున్నానండీ" అంది. "అలవాటైపోయింది."

వ్యాన్ డ్రైవరూ నేనూ మిషన్ మోశాం. ఆమె గుండీలు చేతిరుమాలులో పోసి మూటగట్టుకుని, ఖాళీ కప్పుని కిటికీ దగ్గర పెట్టింది. "ఇది మీది" అంది. మొక్కకి రోజు విడిచి రోజు పొయ్యమని చెప్పింది. మెట్ల దాకా వెళ్ళాను. వ్యాన్‌లో ముందు సీట్లో కూర్చుని, జడ ముందుకి వేసుకుని, తలుపు వేసుకుంది.

తిరిగొచ్చి నేరుగా గదిలోకి వెళ్ళాను. గిటార్ ఆరుతోంది. గదిలో వార్నిష్ వాసన మధ్య ఆమె నూనె వాసన ఇంకా ఉంది. లైటు తీసుకుని మళ్ళీ మొదటి నుంచి చూడ్డం మొదలుపెట్టాను. ముందు పలక, వెనక పలక, పక్కలు, మెడ, మెడ కింద చెయ్యి దూరని సందు. నడుం పట్టేసినా వంగి వెతుకుతూనే ఉన్నాను. ఒక్క గుంట కనపడితే చాలు, ఆవగింజంత. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా, కొంచెమైనా నేను అన్నది నిజమని చెప్పుకోవచ్చు. ఆ పేరుతో ఆమెకి ఫోన్ చేసి దెబ్బలాడొచ్చు.

సాయంత్రం వరకు వెతికాను. ఒక్కటీ లేదు.